అచ్చు తీయించండి

"పోయిందెవరండీ?" అన్నాడు ఫ్లెక్సీ కొట్టువాడు.

ఎవరూ పోలేదన్నాను.

"అయితే పెళ్లా? పుట్టినరోజా? అయ్యప్ప పూజా?"

ఏదీ కాదు, ఒక గీత కావాలన్నాను. నా చేతిలో ఉన్న సీడీ ఇస్తే వాడు కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. తెల్లటి తెర మీద ఒక నల్లటి వంపు గీత, అంతే. వాడు దానికేసి చూశాడు, నాకేసి చూశాడు.

"ఫోటో ఏదండీ? పేరేటి రాయమంటారు? కిందన శుభాకాంక్షలతో అని ఎవులెవులి పేర్లు పెట్టాల?"

"ఎవుడి పేరూ ఒద్దు. గది ఎంత ఎడల్పో గీత అంత ఎడల్పు రావాల. ఎంట్రుక కూడా తేడా రాకూడదు."

"పోనీ సుట్టూరా పువ్వులెయ్యమంటారా?"

వద్దని గట్టిగా చెప్పాను. అయినా వేశాడు. ఎర్ర మందారాలు. ఫ్లెక్సీని తెల్లగా వదిలేస్తే కొట్టు పరువు పోతుందట. అలా మందార పువ్వుల మధ్య ఒక నల్ల గీతను చంకలో చుట్టి పెట్టుకుని నేను బజారులో నడిచి వస్తుంటే, ఏ నాయకుడికి అభిమానివయ్యావు అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇంటి కప్పుకి అని చెబితే ఎవరూ నమ్మలేదు.

సెల్‌ఫోను నా చొక్కా జేబులోకి కొత్తగా వచ్చిన రోజులు అవి. నేను తాపీ మేస్త్రిని. యాభై దాటేవరకు నాకు అక్షరం ముక్క రాదు. నా భార్య మహిళా సంఘంలో సంతకం పెట్టడానికని చదువు నేర్చుకుని, నేర్చుకున్నది ఎవరి మీద ప్రయోగించాలో తెలియక నా మీద పడింది. తప్పు రాస్తే కూర వడ్డించేది కాదు. ఇప్పుడు ఇదంతా రాయగలుగుతున్నానంటే ఆ ఆకలి చలవే.

మా నాన్న కమాను కప్పులు కట్టినవాడు. గోడకీ గోడకీ మధ్య ఇటుకల్ని విల్లులా వంచి, సున్నంతో అతికించి, ఇనుప చువ్వ అన్నది లేకుండా కప్పు వేసేవాడు. నేను తాపీ పట్టేసరికి సిమెంటు వచ్చేసింది. చువ్వలు, కంకర, స్లాబు. జీవితమంతా అగ్గిపెట్టెలు కట్టాను. చేతులు ఆడుతుండగా ఒక్క కమాను కప్పు కట్టాలని ఉండేది. ఆ మాట బయటికి అనేవాణ్ని కాదు. అంటే ముసలాడికి పిచ్చెక్కిందని ఉన్న పని కూడా పోతుంది.

అలాంటి సమయంలో బెల్లం మార్కెట్టులో కొట్టు ఉన్న ఒక షావుకారు, కొండకర్ల వెళ్లే దారిలో తోట కొని అందులో మూడు గదుల ఇల్లు వేద్దామనుకున్నాడు. నక్షలు గీసే చదువు చదివిన ఒక అమ్మాయిని వైజాగు నుంచి పిలిపించాడు. సొంతంగా ఆమె చేస్తున్న మొదటి ఇల్లు అదే. మూడు గదులకీ కమాను కప్పులే వేద్దామంది. ఆ మాట విని నేను నోట్లో చుట్ట తీసేశాను.

షావుకారు ఒప్పుకున్నది కమాను చూసి కాదు, లాప్‌టాప్ చూసి. ఇంకా పునాది కూడా తీయని ఇంటిని ఆమె ఆ తెర మీద నిలబెట్టి బొంగరంలా తిప్పుతోంది. షావుకారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"గోడకి నీడ కూడా పడతన్నాదేటి!"

"సాయంత్రం నాలుగింటికి ఇలా పడుతుందండి."

"ఎనక పక్క సూపించమ్మా. ఆ మబ్బులు కూడా మనవేనా?"

"కావాలంటే తీసేస్తాను."

"ఒద్దొద్దు, ఉంచు. బాగున్నాయి."

ఆ తర్వాత బెల్లం బేరం ఆడే గొంతులోకి వచ్చేశాడు. "సరే. మొదటి గదికి ఎయ్యండి. పగుల్లేకుండా నిలబడిందా, మిగతా రెండు గదులకీ అదే. పగిలిందా, స్లాబే. స్లాబు కాంట్రాక్టరు రోజూ నా కొట్టు అరుగు మీదే కూకుంటన్నాడు."

కాబట్టి నా కోరికైనా, ఆ అమ్మాయి మొదటి ఇల్లయినా ఆ ఒక్క గది నెత్తి మీద ఉన్నాయి.

మొదటి రోజే పేచీ వచ్చింది. మా నాన్న మేకు పాతి, తాడు కట్టి తిప్పేవాడు. కమాను అంటే సగం చక్రం. ఈ అమ్మాయి గీత అలా లేదు, నెత్తి దగ్గర కాస్త కొనదేరి ఉంది.

"ఇదేటి తల్లీ, కోడిగుడ్డులాగున్నాది?"

ఆమె కేటనరీ అంది, థ్రస్ట్ అంది, కంప్రెషన్ అంది.

"సూడు తల్లీ," అన్నాను. "ముసలితనంలో అక్షరాలు నేర్సుకున్నోణ్ని. అదీ తెలుగు అక్షరాలు. నాతోటి మాటాడాలంటే తెలుగులో మాటాడు. లేదంటే ఆ పెట్టెతోటే మాటాడుకో."

ఆమె మెడలో గొలుసు తీసి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని వేలాడదీసింది. "గొలుసు దాని బరువుకి అదే ఇలా వంపు తిరిగింది కదా? ఈ వంపుని తలకిందులు చేస్తే మన కప్పు. ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కుకుని వాటంతటవే నిలబడతాయి."

"తలకిందులు సేస్తే గొలుసు కింద పడిపోద్ది కదమ్మా," అన్నాడు మా బావ.

బావంటే మా అక్క మొగుడు, వడ్రంగి. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. చెక్క గురించి తప్ప ప్రపంచంలో ప్రతిదాని గురించీ అభిప్రాయం చెబుతాడు. చెక్కని మాత్రం మాట్లాడకుండా కోస్తాడు. నాకు గొలుసు నచ్చింది. నాన్న కమానులు కొన్నిచోట్ల నడుము దగ్గర ఎందుకు ఉబ్బేవో అప్పుడు అర్థమయినట్టు అనిపించింది. సరే, కోడిగుడ్డే కడదామన్నాను.

ఆనాటి నుంచి ఆ అమ్మాయి పట్టుదలగా తెలుగు మాట్లాడసాగింది. కానీ మా తెలుగు కాదు, ఏ పుస్తకంలోంచి తవ్విందో. కంప్యూటర్‌ని గణకయంత్రం అనేది. ఫైలుని దస్త్రం అనేది. ఇటుకల నొక్కుడుని సంపీడనం అనేది. అంతకన్నా ఆ ఇంగ్లీషే నయమనిపించింది గాని, అడిగింది నేనే కనక నోరు మూసుకున్నాను.

ఆమె సీడీలో ఇచ్చిన గీతతో తెచ్చిన ఆ మందారాల ఫ్లెక్సీని ప్లైవుడ్డు మీద పరిచి, గీత వెంబడి బావ రంపంతో కోశాడు. "ఈ పువ్వులు కూడా కొయ్యాలేటి బావా?" అని ఒక్కసారే అడిగాడు. కోసిన వంపుల్ని వరసగా నిలబెట్టి, మీద బద్దలు కొట్టి, గుంజల మీద నిలిపాడు. స్లాబు కిందైతే సెంట్రింగ్ అంటాం. కమాను కింద నిలిపే ఈ చెక్క గూడుని మాత్రం మా నాన్న కాలం నుంచి అచ్చు అనే అంటాం. దీని మీద ఇటుకలు పేర్చి, సున్నం గట్టిపడేదాకా ఉంచి, తర్వాత తీసేయాలి. ముందు తీస్తే ఏమవుతుందో నాన్న చెప్పలేదు. ఆయన ఎప్పుడూ ముందు తీయలేదు.

సున్నం సంగతికొస్తే అందులోకి కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోయాలి. డ్రమ్ముల నిండా కలిపి పెట్టాం. రెండు మూడు రోజులకి పులిసి తోటంతా ఒక వాసన. ఆ వాసన పట్టుకుని, సారా పట్టుకునే జవాన్లు ఇద్దరు మోటారు సైకిలు మీద దిగిపోయారు.

"ఏటిది?"

"గోడకండి."

"గోడ తాగుతాదేటి?"

"తాగుతాదండి. మనుసులకన్నా ఎక్కువ తాగుతాది."

వాళ్లు నన్ను పైకీ కిందకీ చూశారు. అమ్మాయి పరుగెత్తుకొచ్చి లాప్‌టాప్ తెరిచి ఇంటిని బొంగరంలా తిప్పింది. మబ్బులు కూడా చూపించింది. కాసేపటికి ఇద్దరిలో పెద్దాయన, తన ఇంటి ముందు వైపుకి కూడా ఇలాంటిది ఒకటి గీసి పెడతావా అని అడిగి, మా దగ్గర మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు డ్రమ్ములో వేలు ముంచి నాకి చూశాడు, ఉద్యోగం ఉద్యోగమే కదా. కరక్కాయ వగరుకి మొహం ముడుచుకుపోయింది.

ఇటుకలు పేర్చడం రెండు వైపుల నుంచీ ఒకేసారి మొదలుపెట్టి నడినెత్తిన కలిపాను. ఆఖరి ఇటుక దిగగొట్టి నేను తాపీ కడుక్కున్నాను. బావ మాత్రం "ఇంటికప్పులాగ లేదు, ఏనుగు ఎక్కి కూకున్నట్టున్నాది" అన్నాడు. అది మెచ్చుకోలే.

ఇంకా సున్నం పచ్చిగా ఉండగానే ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆ తోటలో నుయ్యి గట్టు ఎక్కితే తప్ప సిగ్నల్ దొరకదు. ఎక్కాను. అవతల వైజాగు నుంచి అమ్మాయి.

"మేస్త్రి గారూ… పంపించాను… వినబడుతోందా? ఈరోజే అచ్చు తీయించండి."

"ఇయ్యాలేనా?"

"ఈరోజే. రేపు పొద్దున షావుకారు గారు చూడ్డానికి వస్తున్నారు. అప్పటికి సిద్ధంగా ఉండాలి."

"తొందర కాదేటి తల్లీ?"

"ఇప్పటికే ఆలస్యమైంది. మీరు దగ్గరుండి తీయించండి. ముక్కలు ముక్కలుగా వద్దు, ఒకటే ముక్కగా రావాలి. వంపు అస్సలు చెదరకూడదు."

"సెదరదు. బావున్నాడు కదా."

"తీశాక మాత్రం చుట్ట…"

కట్ అయిపోయింది. నేను గట్టు దిగి బావకి చెప్పాను.

"తీసేక సుట్ట కాల్సుకోమన్నాదేటి? మంచి పిల్ల," అన్నాడు బావ.

"సున్నం పచ్చిగున్నాది బావా. గోరెట్టి గీకితే వచ్చేత్తన్నాది."

"ఆ పెట్టెలో లెక్క కట్టే ఉంటాది. గొలుసన్నాది కాదేటి? గొలుసుకి సున్నమెందుకు, దానంతటది ఏలాడదా?"

ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు. పైగా ఆ గీత గీసింది ఆమె, గొలుసు చూపించింది ఆమె, దగ్గరుండి ఒకటే ముక్కగా తీయించమంది ఆమె. గుంజల కింద దిగగొట్టిన చెక్క చీలల్ని ఒక్కొక్కటే సుత్తితో తట్టి వదులు చేశాం. అచ్చు కిందికి దిగింది. పైన ఎవరో పళ్లు కొరికినట్టు చప్పుడైంది. ఇసుక జలజలా రాలింది. ఇద్దరం బయటికి ఎలా వచ్చామో తెలియదు. బావ అయితే కిటికీలోంచి వచ్చాడు.

కప్పు పడలేదు. తూర్పు వైపు భుజం మాత్రం వేలెడు దిగింది. నడినెత్తిన, లోపలి వైపు, పాపిట తీసినట్టు సన్నటి పగులు.

ఇద్దరం కొబ్బరిచెట్టు కింద కూర్చుని చుట్టలు ముట్టించాం. చెప్పింది కదా అని.

పొద్దు వాలుతుండగా మళ్లీ ఫోను. మళ్లీ నుయ్యి గట్టు.

"తీయించారా?"

"తీయించేం తల్లీ."

"ఎలా వచ్చింది?"

"ఒకటే ముక్కగా వచ్చీసింది. కాని తూరుపు పక్క కొంచెం జారిపోనాది."

"జరిగిపోయిందా? అయ్యో. అయితే మళ్లీ తీయించండి."

"మళ్లీ ఎలాగ తీత్తాం? ఉన్నదొకటే కదా?"

"ఎన్నిసార్లయినా తీయొచ్చండి. ఆ అబ్బాయికి రెండు నిమిషాల పని."

"ఏ అబ్బాయికి?"

"నెట్ సెంటర్ అబ్బాయికి."

"నెట్ సెంటరోడికీ మన కమానుకీ ఏటి సమ్మందం?"

అవతల గొంతు చిన్నదైపోయింది. "మేస్త్రి గారూ. మీరు ఏం తీశారు?"

"నువ్వు తియ్యమన్నదే తీసేం. తీసేక సుట్టలు కూడా కాల్సుకున్నాం."

"ప్రింటు! రెండో గది గీత నెట్ సెంటర్‌కి మెయిల్లో పంపించాను, అక్కడి పెద్ద మిషన్ మీద ప్రింటు తీయించి, మడతలు పడకుండా చుట్టి పెట్టమన్నాను!"

"అయితే పింటు అని ఏడవొచ్చు కదా!"

"మీరే కదా తెలుగులో మాట్లాడమన్నారు!"

ఇంటికెళ్లి చెబితే నా భార్య పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది, "అచ్చులన్నీ నేర్పేననుకున్నాను. ఇదొకటి ఉండిపోనాది." ఆ రాత్రి కూర మాత్రం వడ్డించింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే అమ్మాయి దిగింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ని, చెల్లుకు చెల్లయ్యేది. గదిలోకి వెళ్లి తల పైకెత్తి చాలాసేపు చూసి, అచ్చుని మళ్లీ మెల్లగా పైకి లేపి కప్పుకి ఆనించండి అంది. చీలలు కొట్టి ఆనించాం. ఆమె దిగిన భుజాన్ని టేపుతో కొలుచుకుని, ఇటుకల దొంతి మీద కూర్చుని లాప్‌టాప్‌లో టకటకా కొట్టింది.

"ఏటంటన్నాది పెట్టె?"

"నిలబడుతుందంటోంది. కానీ దీనికి పచ్చి సున్నం సంగతి తెలీదు. మీరేమంటారు?"

"నాకూ తెలవదు. మా నాన్న పచ్చి మీద ఎప్పుడూ తియ్యలేదు."

"అయితే మన ఇద్దరికీ తెలీదు."

"నాకు కూడా తెలవదు. పెట్టెతో కలిపి నలుగురం," అన్నాడు బావ.

షావుకారు కారు దిగాడు. లోపలికి వచ్చి, కప్పు చూసి, ఎవరినీ పలకరించకుండా ఒకటే ప్రశ్న వేశాడు. "పగిలిందా, లేదా?"

"పగిలింది," అంది అమ్మాయి. సాకు చెబుతుందనుకున్నాను, చెప్పలేదు.

షావుకారు జేబులోంచి ఫోను తీశాడు. ఎవరికో నాకు తెలుసు. అప్పుడు నేను, ఎన్నాళ్ల నుంచో మింగుకున్న మాట కక్కేశాను.

"షావుకారూ, నా బతుకంతా అగ్గిపెట్టెలు కట్టేను. ఇదొక్కటే కమాను. పూర్తిగా సూడకుండా పీకెయ్యకండి."

"నీ సరదాకి నా నెత్తి మీద కప్పు ఎయ్యమంటావేటి?"

"అలాగే అంటన్నాను."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఫోను జేబులో పెట్టుకుని కప్పు కేసి, బెల్లం దిమ్మ నాణ్యం చూసినట్టు చూశాడు. "సున్నం ఎన్నాళ్లకి ఆరితే అన్నాళ్లకి ఆరనీండి. ఆరేక నా బెల్లం తెచ్చి దీని మీద ఎక్కిత్తాను. నా సరుకు మొయ్యలేని కప్పు నాకొద్దు. మోసిందా, మిగతా రెండూ మీ ఇష్టం."

ఆరేసరికి వర్షాలు మొదలయ్యే కాలం వచ్చేసింది. ఈసారి అచ్చు తీసేముందు అమ్మాయి మూడుసార్లు, "చెక్కది, చెక్కది" అని చెప్పింది. బెల్లం దిమ్మలతో ట్రాక్టరు గేటు దాకా వచ్చింది. మార్కెట్టులో సరుకు మోసే కళాసీలు వచ్చారు. స్లాబు కాంట్రాక్టరు కూడా వచ్చి మోటారు సైకిలు దిగకుండా గేటు దగ్గర కూర్చున్నాడు. అమ్మాయి నిచ్చెనెక్కి, పగులు మీద అడ్డంగా ఒక కాగితం ముక్క అతికించింది. పగులు విచ్చుకుంటే కాగితం చిరుగుతుంది. చిరిగితే స్లాబు. అందరికీ ఆ సంగతి చెప్పింది, కాంట్రాక్టరుకి కూడా.

కళాసీలు లారీకి ఎక్కించినట్టు తూర్పు వైపు నుంచి పేర్చుకుంటూ పోతున్నారు. అమ్మాయి ఒక్క కేక పెట్టింది.

"ఒక్క వైపే పెట్టకండి! భారం సమతుల్యంగా ఉండాలి!"

కళాసీలు ఆగి, ఏ దేవుడి పేరో అన్నట్టు చూశారు.

"కావిడిరా!" అని అరిచాను. "కావిడి మోసినట్టు! అటొక దిమ్మ, ఇటొక దిమ్మ!"

"ఆ మాట ముందే సెప్పొచ్చు కదా మామా," అన్నారు. అటొకటి, ఇటొకటి పెట్టుకుంటూ వచ్చారు.

తిరిగి చూస్తే అమ్మాయి లేదు. కప్పు కింద, గది మధ్యలో నిలబడి కాగితం కేసి చూస్తోంది.

"బయటికి రా తల్లీ! నీకేటైనా అయితే మీ అమ్మ ఏ ఏడుపు ఏడవాల!"

"మీరే లోపలికి రండి. ఇద్దరం కట్టిందేగా."

వెళ్లాను. ఏం చేస్తాను? బావ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "నాది సెక్క పని. సెక్క తీసేసేరు. మరి నాకు సమ్మందం లేదు," అన్నాడు.

పైన దిమ్మ దించినప్పుడల్లా దబ్బుమని చప్పుడు. ఇద్దరం తలెత్తి కాగితాన్నే చూస్తున్నాం. షావుకారు కిటికీలోంచి చూస్తున్నాడు. సరుకంతా ఎక్కింది. కాగితం కదలలేదు. కళాసీలు టీకి వెళ్లిపోయారు.

అప్పుడు వాన వచ్చింది. చెప్పాపెట్టకుండా, కొండకర్ల ఆవ చెరువు వైపు నుంచి. కప్పు మీద బెల్లం ఉన్న సంగతి ఎవరికైనా తట్టేలోగా, పగులులోంచి ఎర్రటి చుక్క ఒకటి ఊరి, కాగితం మీద పాకి, కాగితం జారి కింద పడింది.

"పోనాది! కాగితం పోనాది!" అని కాంట్రాక్టరు గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

షావుకారు లోపలికి వచ్చి, వంగి, ఆ కాగితం తీశాడు. వెలుతురుకేసి పట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చిరగలేదు. పాకం అంటుకుని వేలికి పట్టుకుంది, విదిలించినా ఊడదు.

"సిరగలేదయ్యా," అన్నాడు కాంట్రాక్టరుతో. "ఊడింది. ఊడ్డం ఏరు, సిరగడం ఏరు."

"కారతన్నాది కదండీ!"

"కారితే మేస్త్రి పైన సున్నం పూత్తాడు. పడలేదు కదా." నాకేసి తిరిగాడు. "రెండో గది మొదలెట్టు. ముందు నా బెల్లం దింపండిరా, కరిగిపోతన్నాది!"

కళాసీలు లేరు. నిచ్చెన మీద నేను, నా కింద బావ, బావ కింద అమ్మాయి, అమ్మాయి కింద వేలికి కాగితం అంటుకున్న షావుకారు. దిమ్మలు జారిపోతుంటే పొట్టలకి హత్తుకుని అందించుకున్నాం. ఒక పక్కే తీస్తున్నామని అమ్మాయి కింద నుంచి అరుస్తుంటే, అటొకటి ఇటొకటి తీశాం. స్లాబు కాంట్రాక్టరు కాసేపు చూసి, చొక్కా విప్పి కొమ్మకి తగిలించి, వరసలో ఆఖర్న నిలబడ్డాడు. గేటు దగ్గర టార్పాలిను కప్పిన ట్రాక్టరు దాకా మోసింది అతనే.